మా మామయ్య ముక్కు

ఆ ఫ్రిజ్ కొనమని ఇంట్లో పోరు పెట్టింది నేనే. రెండు తలుపులది, ఎర్రరంగుది. ఉగాదికి ముందురోజు ఆటోలో వేసుకొచ్చి వంటింట్లో పెడితే, మా అత్తయ్య వెంకటసుబ్బమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, తలుపు పిడికి మల్లెదండ చుట్టింది. ఆ దండ చూసి నేను మురిసిపోయాను. నిజానికి నాకు అప్పుడే బుద్ధి రావలసింది. రాలేదు.

మాది ఆత్మకూరు. బస్టాండుకు పోయే దారిలో కాఫీపొడి అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, పెరట్లో రేకుల కొట్టం కింద గింజలు వేయించే డ్రమ్ము. మా మామయ్య రత్తయ్య శెట్టి నలభై ఏళ్లుగా ప్రతి గురువారం ఆ డ్రమ్ము ముందు స్టూలు వేసుకుని కూర్చుంటాడు. గడియారం చూడడు, గింజ రంగూ చూడడు. కళ్లు మూసుకుంటాడు. పచ్చివాసన పోయి, పేలాల వాసన వచ్చి, గింజలు పటపటమని పేలడం మొదలయ్యాక కాసేపు ఊపిరి బిగబట్టి కూర్చుని, ఉన్నట్టుండి "దించరా!" అంటాడు. డ్రమ్ము తిప్పేది మా ఆయన మురళీకృష్ణ. ఇరవై ఏళ్లుగా తిప్పుతున్నాడు, ఆ "దించరా" ఎప్పుడనాలో మాత్రం ఆయనకు ఇప్పటికీ తెలీదు. అందుకే ఊళ్లో మా అంగడికి బోర్డు మీద ఏ పేరున్నా, జనం నోట్లో ఉన్న పేరు మాత్రం శెట్టి ముక్కు కాఫీ.

వేయించడం ఒక ఎత్తు, దాచడం ఒక ఎత్తు. వేడి తగ్గిన గింజల మీద పల్చటి గుడ్డ కప్పి ఒక రాత్రి వదిలేయాలి. "ఊపిరి వదలనీ దాన్ని" అనేవాడు మామయ్య. మర్నాడు తగరపు డబ్బాల్లోకి ఎత్తి, మూత బిగించి, మెట్ల కింది చీకటి అరలో పెట్టాలి. రోజుకు ఒక్కసారే మూత తీయాలి. ఆ రోజు అమ్మకానికి ఎంత కావాలో అంతే తీసి, వెంటనే బిగించాలి. మోకాళ్లు పట్టేసి ఆయన వంగలేకపోయినప్పటి నుంచి ఆ అర తాళంచెవి నా కొంగుకు చేరింది. పెళ్లయిన పదిహేడేళ్లకు చేతికొచ్చిన పెత్తనం అది. నాకు కొంచెం తలకెక్కిందనే చెప్పుకోవాలి.

ఆ ఏడు ఎండలు మామూలుగా లేవు. చైత్రంలోనే మెట్ల కింద గోడ చెయ్యి పెడితే చుర్రుమనేది. ఒకరోజు డబ్బా మూత తీస్తే గింజల మీద నూనె మెరుస్తోంది. వేడికి గింజలు చెడిపోతున్నాయని భయపడ్డాను. ఫోన్లో వెతికితే ఎవరో అమ్మాయి కాఫీని చల్లగా దాచుకోండి అని చక్కగా నవ్వుతూ చెబుతోంది. నిజమే కదా అనుకున్నాను. ఫ్రిజ్‌లో పాలు విరగవు, పెరుగు పులవదు, కాఫీ గింజకు మాత్రం ఏం రోగం? డబ్బాలు ఫ్రిజ్ అరల్లో పట్టలేదు. నేనే కూర్చుని తెల్లటి గుడ్డసంచులు కుట్టి, గింజలన్నీ వాటిలోకి మార్చి మధ్య అరలో సర్దాను. ఆ అరలోనే ఓ పక్కన అత్తయ్య మర్నాటి పూజకు కట్టుకున్న పూలు తడిగుడ్డలో చుట్టి పెట్టుకునేది. మామయ్యకు ఈ మార్పు చెప్పలేదు. చెబితే ఒప్పుకోడని తెలుసు. ఆయన వంటింట్లోకి ఎటూ రాడు. రోజూ పొద్దున్నే ఆ రోజు గింజలు స్టీలు డబ్బాలో పోసి అంగట్లో పెట్టేది నేనే.

పదిహేను రోజులు తిరక్కుండానే మొదలైంది.

"దుర్గా, మిషను ఉండుండి పట్టేస్తా ఉండాది. పొడి ముద్దలు ముద్దలుగా పడతా ఉండాది" అన్నాడు మా ఆయన, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ.

"మిషను ముసలిదైపోయింది. దానికీ నేనే కారణమా ఏంది?" అన్నాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. నా నోరు అంతే. ముందు పరుగెత్తుతుంది, తర్వాత నేను వెనకాల పోయి పట్టుకుంటాను.

ఆ శనివారం ఎస్తేరమ్మ టీచరు వచ్చింది. రిటైరైన మనిషి. ఇరవై ఏళ్లుగా శనివారం శనివారం పావుకిలో తీసుకుపోతుంది, ఇంతవరకు ఒక్క పొల్లుమాట అనలేదు. గొడుగు మూసి బల్లకు ఆనించి, మొహమాటపడుతూ అంది. "శెట్టిగారూ, ఏమనుకోవద్దండి. డికాక్షన్ నల్లగానే దిగతా ఉండాది. వాసనే యాడికి పోయినాదో తెలీదు. నీళ్లు మార్చినాను, పాలు మార్చినాను, ఫిల్టరు కూడా కొత్తది కొన్నాను."

మామయ్య డబ్బాలోంచి గుప్పెడు గింజలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం ఏదోలా అయింది. గింజలు మళ్లీ డబ్బాలో పోశాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ నేను వడియాలు వేయిస్తుంటే వంటింటి గడప అవతల నిలబడి అడిగాడు. "అమ్మాయ్, గింజలు జాగ్రత్తగా పెడతా ఉండావు గదమ్మా?"

ఆ ప్రశ్న సరిగ్గా రావలసిన చోటికే వచ్చింది. నా పౌరుషమే దాన్ని తరిమేసింది. "ఈ పదిహేడేళ్లలో ఈ ఇంట్లో నేను ఏ వస్తువు జాగ్రత్తగా పెట్టలేదో చెప్పండి మామయ్యా!" అని గరిటె చేత్తో పట్టుకునే ఎదురు తిరిగాను.

"అది కాదమ్మా, ఊరికే అడిగినా" అని ఆయన వెళ్లిపోయాడు. కోడలితో మాటకు మాట పెంచుకునే మనిషి కాదు. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

వైశాఖం సగానికి వచ్చేసరికి ఉదయగిరి నుంచి కోటేశ్వర్ దిగాడు. ఉదయగిరి బస్టాండులో టిఫిన్ హోటలు ఆయనది. వాళ్ల నాయన కాలం నుంచి మా గింజలే. పొడి కొట్టించుకోడు, గింజలే డబ్బాతో బస్సులో తెప్పించుకుంటాడు. ఎప్పటికప్పుడు కొట్టిన పొడికి ఉండే కమ్మదనం పొద్దున కొట్టి సాయంత్రం వాడితే ఉండదని ఆయన పట్టుదల. అలాంటి మనిషి సగం డబ్బా వెనక్కి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"కొట్లాటకు రాలేదు శెట్టిగారూ. మనసు ఒప్పక నేనే తెచ్చినా. కాఫీ కోసమని వరికుంటపాడు నుంచి బండేసుకుని వచ్చే కామయ్య ఉండాడే, ఆయన నిన్న సగం గ్లాసు వదిలేసి పోయినాడు. ఒక్కమాట అనలా. అదే నాకు సిగ్గు. పాలు అవే, నీళ్లు అవే, చెయ్యి నాదే." అని ఆగి, గొంతు తగ్గించాడు. "మీ ఒళ్లు బాగుండాదా?"

ఆ మాటకు అర్థం మాకందరికీ తెలుసు. కార్తీకంలో మామయ్యకు జ్వరం తగిలి పది రోజులు ఏ వాసనా తెలీకుండా పోయింది. ఇంగువ డబ్బా ముక్కు కింద పెట్టినా ఊఁ అనలేదు. తర్వాత తిరిగొచ్చిందని చెప్పి మళ్లీ డ్రమ్ము ముందు కూర్చున్నాడు.

మామయ్య ఆ డబ్బాలోకి వంగి చాలాసేపు వాసన చూశాడు. తలెత్తి, "నువ్వు చెప్పింది నిజమే కోటేశ్వరా. తప్పు నాదే. ఇంకెవురి దగ్గరన్నా తీసుకో" అన్నాడు. నలభై ఏళ్లలో ఆ నోటి నుంచి అలాంటి మాట రావడం అదే మొదలు. కోటేశ్వర్ మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఇక గింజలు వేయించేది లేదని రెండు రోజులకు ఇంట్లో తేలిపోయింది. సంగం ఊళ్లో శనక్కాయలు వేయించి అమ్మే ఒకాయన ఎప్పటి నుంచో మా డ్రమ్ము అడుగుతున్నాడు. సోమవారం వచ్చి పట్టుకుపొమ్మని మామయ్యే ఫోన్ చేయించాడు. అంగట్లో ఇకనుంచి కంపెనీ ప్యాకెట్లు పెట్టుకుంటామన్నాడు మా ఆయన. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అన్నం సహించలేదు. ఎవరికైనా వయసుతో పాటు వచ్చేదే, పాపం పెద్దాయన, అనుకున్నాను. అవును, నేను కూడా ఆయన ముక్కు పోయిందనే నమ్మాను. ఆయన మీద జాలిపడ్డాను కూడా. తలచుకుంటే ఇప్పటికీ చచ్చేంత సిగ్గు.

ఆదివారం మధ్యాహ్నం. మా ఆయన అంగట్లో కునుకు తీస్తున్నాడు. అత్తయ్య చాప మీద నడుం వాల్చింది. పూలమ్మే చెంచమ్మ అప్పుడే శేరు మొగ్గలు పోసి పోతే నేను వసారాలో కాళ్లు చాపుకుని మాల కడుతున్నాను. మామయ్య వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. గుప్పిట్లో గింజలు ఉన్నాయి.

"అమ్మాయ్, ఒక మాట. మీ అత్తకు చెప్పొద్దు. వాడికీ చెప్పొద్దు."

"చెప్పండి మామయ్యా."

"నాకు వాసన తెలీకుండా పోలేదమ్మా. అట్టా పోయినా బాగుండు. లేని వాసన వస్తా ఉండాది."

"ఏం వాసన?"

"చెబితే నవ్వుతావు. మల్లెపూలు."

నా చేతిలో దారం ఆగిపోయింది.

"గురువారం డ్రమ్ములోంచి దించినప్పుడు ఉండదు. మూడోనాటికి మొదలవుతాది. ఈ గింజల్లోంచే వస్తా ఉండాది నాకు. మురళికి చూపిస్తే ఏం లేదన్నాడు. కోటేశ్వరు కాఫీ చప్పబడిందన్నాడే గానీ మల్లెపూలనలా. టీచరమ్మా అనలా. నా ఒక్కడికే. ఆ జొరం పోతా పోతా నా ముక్కును పాడు చేసి పోయినాది. లేనిది వాసన చూసేవాడు ఇంకేం కాఫీ వేయిస్తాడమ్మా? రేపు సంగమాయన డ్రమ్ము తీసుకపోతే పీడ పోతాది" అన్నాడు.

ఒడి నిండా మల్లెమొగ్గలు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఒళ్లో పూలు గబగబా పక్కకు నెట్టుకుని లేచాను. వంటింట్లోకి పోయి ఫ్రిజ్ తలుపు తీశాను. మధ్య అరలో నా కుట్టు సంచులు. వాటికి ఆనుకుని తడిగుడ్డలో అత్తయ్య పూలమూట. సంచి పట్టుకుంటే గుడ్డ చెమ్మగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు మల్లెపూలు తెలీలేదు, పాత గోనెలాంటి ముక్కవాసన మాత్రం తగిలింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే కాబోలు.

ఒక్క నిమిషం పాడు ఆలోచన కూడా వచ్చింది. చప్పుడు చెయ్యకుండా గింజలు పారబోసి, ఈ గురువారం నుంచి మళ్లీ డబ్బాల్లో పెడితే వాసన దానంతటదే పోతుంది. ఎవరికీ తెలీదు. కానీ గురువారం దాకా డ్రమ్ము ఉండదు. డ్రమ్మును ఆపగలిగినా, తన ముక్కు ఒకసారి తనను మోసం చేసిందన్న భయం ఆ పెద్దాయన చచ్చేదాకా మోస్తాడు. ఆ బరువు దించగలిగేది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే.

సంచి ఒక చేత్తో, పూలమూట ఒక చేత్తో తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"మామయ్యా, ఈ రెండూ నెలన్నరగా ఒక్కచోటే ఉన్నాయి. ఫ్రిజ్‌లో, పక్కపక్కనే. పెట్టింది నేనే. మీరు అడిగిన రోజున కూడా చెప్పలేదు. తప్పు నాదే."

తిట్టు కోసం తలొంచుకుని నిలబడ్డాను. ఆయన సంచిని చూశాడు, మూటను చూశాడు, మళ్లీ సంచిని చూశాడు.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

చెప్పాను.

"ఏం పూలు?"

"మల్లెపూలే మామయ్యా."

"మల్లెలని నాకూ తెలుసు. గుండుమల్లెలా, తీగమల్లెలా?"

"గుండుమల్లెలు. చెంచమ్మ తెచ్చేవి."

"అదీ!" అని ఆయన తొడ మీద చరుచుకున్నాడు. "గుండుమల్లె అనే అనుకున్నా! ఆ చిక్కదనం తీగమల్లెకు యాడొస్తాదీ!" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఇంట్లోకి కేకేశాడు. "సుబ్బమ్మా! లెయ్యే! నా ముక్కు యాడికీ పోలేదంట! ఫ్రిజ్‌లో దాక్కున్న పూలను గింజల్లో పట్టుకుంది నా ముక్కు!"

అత్తయ్య జుట్టు ముడేసుకుంటూ కంగారుగా వచ్చింది. మా ఆయన కూడా నిద్రకళ్లతో వచ్చి, సంగతి విని, నా మీద నోరెత్తబోయాడు. మామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు మాట్లాడొద్దురా. పొడి ముద్ద కడతా ఉంటే, ఇంత ఎండల్లో ఈ తడి యాడిదబ్బా అని నీకు అనుమానం రాలా? చల్లటి గింజను ఎండలోకి తెస్తే చెమట పట్టదూ? నీకంటే ఆ పిల్లే మేలు, తెలిసిన నిమిషంలో తెచ్చి ముందు పెట్టింది."

నా వైపు తిరిగి, "గింజకు సొంతం పరాయి తెలీదమ్మా. పక్కన ఏముంటే దాన్ని పీల్చుకుంటాది. అందుకే దాన్ని తగరంలో బిగించి ఒంటరిగా పెట్టేది" అన్నాడు మెల్లగా. అంతే. అదే నాకు పడిన తిట్టు. నేను అక్కడే కూర్చుని భోరుమని ఏడ్చేశాను. ఎందుకేడ్చానో తెలీదు, ఏడిస్తే మాత్రం ప్రాణం తేలికపడింది.

సోమవారం సంగమాయన ట్రాలీ ఆటో వేసుకుని రానే వచ్చాడు. మామయ్య ఆయన్ను కూర్చోబెట్టి చల్లటి మజ్జిగ ఇప్పించి, డ్రమ్ము ఇవ్వడం లేదని చెప్పి చేతులు పట్టుకున్నాడు. ఆయన కొంచెం విసుక్కున్నా, మజ్జిగ రెండో గ్లాసు అడిగి తాగి వెళ్లిపోయాడు.

గురువారం డ్రమ్ము తిరిగింది. "దించరా!" అన్న కేక వీధిలోకి వినబడింది. రాత్రంతా గింజలు గుడ్డ కప్పుకుని ఊపిరి వదిలాయి. శుక్రవారం నేనే డబ్బాలు ఎండబెట్టి, తుడిచి, నింపి మూతలు బిగించాను. మెట్ల కింద వేడి సంగతి అడిగితే మామయ్య చిన్నగా నవ్వాడు. ఎండాకాలం డబ్బాలను మెట్ల కింది పడమటి గోడ నుంచి ధాన్యం కొట్టు మూలకు మార్చుకోవాలట, వారానికి సరిపడానే వేయించుకోవాలట. ఇంత చిన్న మాట కోసం నేను ఎర్ర ఫ్రిజ్ దాకా పోయాను.

ఆదివారం పొద్దున్నే ఒళ్లో డబ్బా పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాం, మామయ్యా నేనూ. కోటేశ్వర్ మమ్మల్ని చూసి గల్లా దగ్గర నుంచి లేచి ఎదురొచ్చాడు. మామయ్య డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాడు. "ఒక ఫిల్టరుకు సరిపోయేంత గింజలు కొట్టు. ఎక్కువ కొట్టొద్దు" అన్నాడు. పొడిని ఫిల్టర్లో వేసి, వేలితో అదిమీ అదమనట్టు సర్దాడు. నీళ్లు తెర్లుతుంటే కోటేశ్వర్ పోయబోయాడు.

"ఆగు. ఆ పొంగు అణగనీ. తెర్లే నీళ్లు పోస్తే చేదు దిగతాది."

కాసేపాగి నీళ్లు నిదానంగా పోసి మూత పెట్టారు. బొట్టు బొట్టు దిగుతోంది. ఎవరికీ తొందర లేదు, నాకు తప్ప. కోటేశ్వర్ ఓసారి ఫిల్టరును తట్టబోతే మామయ్య ఆ చేతిని పట్టుకున్నాడు. దిగాక వేడిపాలు కలిపి, డికాక్షన్‌ను మళ్లీ పొయ్యి మీద పెట్టకుండా అలాగే గ్లాసుల్లో పోశారు.

కామయ్య ఆరోజు అక్కడే ఉన్నాడు. తలపాగా తీసి బల్ల మీద పెట్టి, మొహమాటంగా గ్లాసందుకున్నాడు. ఒక గుక్క తాగి ఆగాడు. ఆయన మళ్లీ గ్లాసెత్తాడు. అడుగున నురగ కూడా మిగలకుండా తాగి, "ఇంకొకటి పెట్టు కోటేశ్వరా" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇన్నాళ్లుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది.

కోటేశ్వర్ తన గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని నవ్వాడు. "పాత కాఫీ! అచ్చం పాత కాఫీ! మరి మొన్న ఏమైనట్టు శెట్టిగారూ?"

మామయ్య ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. హోటల్లో ఉన్న పదిమందికీ వినబడేలా గొంతెత్తాడు. "మా కోడలు! ఇదిగో, ఈ పిల్లే! గింజలు తీసకపోయి ఫ్రిజ్‌లో పెట్టినాది! మల్లెపూల పక్కన! ఎవురికీ తెలీలా, నా ముక్కుకే తెలిసినాది!"

జనం నవ్వారు. ఆ వారంలో ఇది ఎన్నోసారో నేను లెక్కపెట్టలేదు. ఎస్తేరమ్మ టీచరుకు చెప్పాడు, చెంచమ్మకు చెప్పాడు, దారిలో బస్సు కండక్టరుకు కూడా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నడుం కొంచెం నిటారవుతోంది, గొంతు కొంచెం పెద్దదవుతోంది. మాట పడితే ఊరుకునే రకం కాదు నేను. మా పుట్టింటివాళ్లనడగండి. ఇంతమంది మగవాళ్ల మధ్య ఇంత మాటంటే వేరే రోజైతే బస్సెక్కి వెళ్లిపోయేదాన్నే.

"గుండుమల్లెలు మామయ్యా," అన్నాను, గ్లాసు పక్కన పెట్టి. "అది చెప్పడం మర్చిపోతున్నారు."

"ఆఁ! గుండుమల్లెలు!" అని మామయ్య కామయ్య వైపు తిరిగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.